గడ్డి ఎప్పుడు చెత్త అయింది? దుక్కి, కొయ్యకాళ్ళు, మన గోధుమ-వరి చరిత్ర

పోయిన నవంబరులో ఢిల్లీలో గది కిటికీలు మూసుకుని, లోపల కూడా మాస్క్ పెట్టుకుని ఒక జవాబు రాశాను. ప్రశ్న పాతదే: "ఉత్తర భారతంలో పంట వ్యర్థాల దహనానికి కారణాలు, పరిష్కారాలు చర్చించండి." కారణాల్లో మొదటి పాయింటుగా "రైతులలో అవగాహన లేకపోవడం" అని రాశాను. పరిష్కారాల్లో మొదటి పాయింటు ఏమిటో మీకు తెలిసే ఉంటుంది: "అవగాహన కల్పించడం."

జవాబు దిద్దిన సీనియర్ ఆ రెండు వాక్యాల కింద ఎర్ర గీత గీసి ఒక్క మాట అడిగాడు: "తమ్ముడూ, మీ తాతయ్య గడ్డి తగలబెట్టేవాడా?"

లేదు. కృష్ణా డెల్టాలోని మా ఊళ్లో కోత అయ్యాక ప్రతి ఇంటి దొడ్లో గడ్డివామి ఉండేది. వామి ఎంత పెద్దదో ఆ ఇంటి స్థితి అంత. మరి అదే గడ్డి ఇప్పుడు మా ఊళ్లోనూ కొన్నిచోట్ల తగలబడుతోంది. మా నాన్నకు తాతయ్య కంటే చదువు ఎక్కువే గానీ తక్కువ కాదు. కాబట్టి అవగాహన లేక తగలబెడుతున్నారన్న నా పాయింటు నిలవదు. అయితే ఏం మారింది? ఆ ప్రశ్న పట్టుకుని నెల రోజులు చదివాను. జీఎస్-1 చరిత్రకూ జీఎస్-3 వ్యవసాయానికీ మధ్య ఉన్న ఈ కథను ఒకచోట పెట్టాలని ఈ వ్యాసం.

ముందుగా: దుక్కి నేలకు ఏం చేస్తుంది?

నేలను దున్నితే మూడు పనులు జరుగుతాయి. కలుపు మట్టిలో కలిసిపోతుంది. విత్తనం పడటానికి మెత్తటి చోటు దొరుకుతుంది. మట్టిలోకి గాలి చేరుతుంది. ఈ మూడోదే అసలు విషయం. గాలి తగిలిన సూక్ష్మజీవులు మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని వేగంగా తినేస్తాయి. ఆ క్రమంలో నత్రజని విడుదలై పైరు పచ్చగా లేస్తుంది. అందుకే కొత్తగా విరిచిన బీడులో మొదటి పంటలు బాగుంటాయి. అయితే అది బ్యాంకులో అసలు తీసి ఖర్చు పెట్టుకోవడం లాంటిది. తీసినంత తిరిగి వేయకపోతే ఏటికేడు సేంద్రియ కర్బనం తగ్గుతుంది, మట్టి కణికలు విడిపోతాయి, వాన పడగానే పైన పొర గట్టిపడి నీరు ఇంకకుండా పారిపోతుంది. ఏటా ఒకే లోతున దున్నితే దాని కింద గట్టిపొర ఏర్పడి వేళ్లు కిందికి దిగలేవు.

తిరిగి వేయాల్సింది ఏమిటి? పేడ, పచ్చిరొట్ట, కోత తర్వాత మిగిలిన గడ్డి, కొయ్యకాళ్ళు. నేల మీద గడ్డి పరిచి ఉంటే వాన చినుకు దెబ్బ నేరుగా మట్టికి తగలదు, తేమ త్వరగా ఆరిపోదు, వానపాములు పెరుగుతాయి. ఇందులోనూ ఒక చిక్కుంది. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. ఆ గడ్డిని మట్టిలో కలిపి వెంటనే విత్తితే, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని తామే వాడుకుంటాయి. కొన్ని వారాలు లేత పైరు పసుపుబారుతుంది. కాబట్టి "గడ్డి దున్నెయ్యండి, అంతా బాగుంటుంది" అన్నంత తేలిక కాదు. ఎంత గడ్డి, ఎప్పుడు, కలపాలా, పైన పరచాలా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

దుక్కి, గడ్డి రెండు వేర్వేరు విషయాలు కావు. ఒకదాని గురించి తీసుకున్న నిర్ణయం రెండోదాన్ని మారుస్తుంది. కిందటి నూట ముప్పై ఏళ్ల చరిత్రలో ప్రభుత్వాలు, శాస్త్రవేత్తలు, రైతులు పదే పదే తగిలిన రాయి ఇదే.

కాలీబంగన్ చాళ్ల నుంచి వోల్కర్ నివేదిక దాకా

ప్రిలిమ్స్ చదివిన వాళ్లకు కాలీబంగన్ తెలుసు. రాజస్థాన్‌లో ఘగ్గర్ ఒడ్డున, తొలి హరప్పా కాలపు దున్నిన పొలం బయటపడిన చోటు. బి.బి. లాల్, బి.కె. థాపర్ ఆధ్వర్యంలో 1960లలో అక్కడ తవ్వకాలు జరిగాయి. చాళ్లు రెండు దిశల్లో అడ్డంగా, నిలువుగా ఉన్నాయి. ఒక దిశలో దగ్గర దగ్గరగా, మరో దిశలో ఎడంగా. ఒకే పొలంలో రెండు పంటలు వేసే ఇలాంటి పద్ధతి ఆ ప్రాంతంలో ఇరవయ్యో శతాబ్దంలోనూ కనిపించింది.

మన నాగలి మట్టిని గీస్తుందే గానీ తిరగేయదు. పాశ్చాత్య ఇనుప నాగలికి ఉండే వంపు రెక్క మట్టిని పూర్తిగా బోర్లా వేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ అధికారులకు ఈ తేడా వెనుకబాటుతనంగా కనిపించింది. మద్రాసు దగ్గర సైదాపేటలో 1860లలో ప్రయోగ క్షేత్రం పెట్టి ఇనుప నాగళ్లు, విదేశీ పద్ధతులు పరీక్షించారు. రైతులు వాటిని పెద్దగా తీసుకోలేదు. బరువైన నాగలిని మన ఎడ్లు లాగలేవు, ధర ఎక్కువ, విరిగితే ఊరి కమ్మరి బాగుచేయలేడు.

ఈ నేపథ్యంలో 1889లో జాన్ అగస్టస్ వోల్కర్ వచ్చాడు. ఆయన ఇంగ్లండ్ రాయల్ అగ్రికల్చరల్ సొసైటీకి సలహాదారైన రసాయన శాస్త్రవేత్త. భారత వ్యవసాయాన్ని ఎలా మెరుగుపరచాలో చెప్పమని పంపారు. ఏడాదికి పైగా దేశమంతా తిరిగి, 1893లో అచ్చయిన నివేదికలో ఆయన చెప్పింది పాలకులు ఊహించనిది: ఇక్కడి రైతు అజ్ఞాని కాడు, చాలాచోట్ల ఇంగ్లండ్ రైతుకు తీసిపోడు. నాగలి సంగతి కాదు, నేలకు ఎరువు తిరిగి చేరకపోవడమే పెద్ద లోటు. ఎందుకు చేరడం లేదు? వంట చెరకు లేదు కాబట్టి పేడ పిడకలై పొయ్యిలోకి పోతోంది. పరిష్కారంగా ఆయన సూచించింది ఊళ్ల దగ్గర వంటచెరకు, పశుగ్రాసం కోసం చెట్ల పెంపకం.

గమనించండి. రైతు పేడ కాల్చడానికి కారణం రైతు బుర్రలో లేదు, పొయ్యిలో ఉంది. నా జవాబులో నేను చేసిన తప్పును వోల్కర్ 1893లోనే దిద్దాడు.

ఇండోర్ గుంటలు, అమెరికా దుమ్ము

1905లో బిహార్‌లోని పూసాలో వ్యవసాయ పరిశోధనా సంస్థ మొదలైంది. అదే ఏడాది ఆల్బర్ట్ హోవార్డ్ ఇంపీరియల్ ఎకనమిక్ బోటనిస్ట్‌గా వచ్చాడు. నేర్పడానికి వచ్చిన ఆయన ఇక్కడి రైతుల దగ్గర నేర్చుకున్నాడు. 1924 నుంచి ఇండోర్‌లో పనిచేస్తూ పంట అవశేషాలు, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, బూడిద పొరలు పొరలుగా వేసి, తిరగేస్తూ, దాదాపు మూడు నెలల్లో ఎరువు తయారుచేసే పద్ధతిని రూపొందించాడు. దాన్నే ఇండోర్ పద్ధతి అంటాం. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ఆయన రాసిన పుస్తకం వ్యవసాయ వ్యర్థాల వినియోగం గురించే.

కానీ ఇండోర్ పద్ధతికి రెండు కావాలి: పశువులు, చేతులు. ఆ రెండూ ఊళ్లో ఉన్నంతకాలమే అది నడుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పంజాబ్ దగ్గర మళ్లీ అవసరం అవుతుంది.

అదే కాలంలో అమెరికాలో మరో పాఠం నడుస్తోంది. మైదానాల్లోని గడ్డి భూములను ట్రాక్టర్లతో దున్ని గోధుమ వేశారు. 1930లలో కరువు రాగానే కప్పు లేని నేల గాలికి లేచింది. ఆ దుమ్ము తుపానుల తర్వాత 1935లో అక్కడ సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్ ఏర్పడింది, హ్యూ బెన్నెట్ దానికి నాయకత్వం వహించాడు. 1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ అనే ఆయన రెక్క నాగలి అవసరమే లేదని వాదిస్తూ ఒక పుస్తకం రాసి పెద్ద చర్చ లేపాడు. అయితే దున్నకపోతే కలుపు ఎలా పోతుంది? దానికి జవాబు 1960ల మొదట్లో పారాక్వాట్ లాంటి కలుపు మందుల రూపంలో వచ్చింది. 1962లో కెంటకీలో హ్యారీ యంగ్ అనే రైతు దున్నకుండా మొక్కజొన్న వేయడంతో అక్కడ నో-టిల్ సాగు పొలాల్లోకి దిగింది. అంటే నాగలి చేసే పనిని రసాయనం తీసుకుంది.

హరిత విప్లవం: గింజ గెలిచింది, గడ్డి ఓడింది

మన దేశానికి వద్దాం. 1960ల మధ్యలో వరుస కరువులు, పీఎల్-480 గోధుమ ఓడల మీద ఆధారపడ్డ రోజులు. 1965లో ఫుడ్ కార్పొరేషన్, వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడ్డాయి. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం దిగుమతి చేశాం. 1964-65లో 1.23 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి 1971-72 నాటికి 2.64 కోట్ల టన్నులైంది. ఈ విజయాన్ని తక్కువ చేయకూడదు. అది లేకపోతే ఆకలి చావుల చరిత్ర మరోలా ఉండేది.

కానీ రెండో మార్పు మెల్లగా వచ్చింది. పంజాబీలు సంప్రదాయంగా వరి రైతులు కారు. 1960-61లో పంజాబ్‌లో వరి విస్తీర్ణం సుమారు 2.27 లక్షల హెక్టార్లు. ఇప్పుడు 30 లక్షల హెక్టార్లు దాటింది. గొట్టపు బావులు, కనీస మద్దతు ధరకు ఖాయంగా కొనుగోలు, 1997 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. ఈ మూడూ కలిసి వరిని పంజాబ్ పంటగా మార్చాయి.

ఇక్కడ నేల దగ్గర ఒక వైరుధ్యం మొదలైంది. వరికి దమ్ము చేయాలి. నీళ్లు పెట్టి బురదగా దున్ని, మట్టి నిర్మాణాన్ని కావాలనే చెడగొట్టి, అడుగున గట్టిపొర కట్టిస్తాం, నీరు ఇంకిపోకూడదు కాబట్టి. వరికి అదే మేలు. గోధుమకు అదే కీడు. గోధుమ వేరుకు గాలి కావాలి, లోతు కావాలి, పొడి మట్టి కావాలి. ఒకే నేలను ఏడాదికి ఒకసారి పాడుచేసి, ఇరవై రోజుల్లో మళ్లీ బాగుచేయమంటున్నాం. అందుకే వరి కోసిన చేలో గోధుమ కోసం రైతు అయిదారు సార్లు, ఇంకా ఎక్కువ సార్లు ట్రాక్టర్ తిప్పేవాడు. డీజిల్ ఖర్చు, రోజుల ఖర్చు. గోధుమ విత్తడం నవంబరు మధ్య దాటితే రోజుకు సుమారు ఒక శాతం దిగుబడి పోతుందని శాస్త్రవేత్తల లెక్క. మార్చి ఎండలకు గింజ నిండకముందే పైరు పండిపోతుంది.

ఇదే సమయంలో కోత యంత్రం వచ్చింది. చేత్తో కోస్తే గడ్డి మొదలంటా వస్తుంది, కట్టలు కట్టి వామి వేయొచ్చు. కంబైన్ హార్వెస్టర్ కంకిని కోసుకుని, నిలువెత్తు కొయ్యకాళ్ళను చేలో వదిలి, నూర్చిన గడ్డిని వెనుక చాలుగా పోసి వెళ్లిపోతుంది. ఎడ్ల స్థానంలో ట్రాక్టర్ వచ్చింది, కాబట్టి మేపడానికి పశువులు తగ్గాయి. ఉన్న గేదెలకు గోధుమ గడ్డి చాలు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి అక్కడి పశువులకు దాన్ని పెద్దగా పెట్టరు. హోవార్డ్ పద్ధతికి కావాల్సిన పశువులు, చేతులు రెండూ చేలోంచి వెళ్లిపోయాయి. చేలో మిగిలింది గడ్డి ఒక్కటే. దాని పేరు అక్కడ పరాలీ.

మరి దాని విలువ ఎంత? ఇంజనీరింగ్ అలవాటు కొద్దీ లెక్క వేశాను. టన్ను వరిగడ్డిలో దాదాపు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 400 కిలోల కర్బనం ఉంటాయని ప్రామాణిక అంచనా. కాలిస్తే కర్బనం దాదాపు అంతా, నత్రజనిలో అధిక భాగం గాలిలో కలుస్తాయి. పంజాబ్‌లో ఏటా వచ్చే వరిగడ్డి సుమారు 2 కోట్ల టన్నులు. అందులోని నత్రజని 1.1 లక్షల టన్నులు. యూరియా లెక్కలో దాదాపు 53 లక్షల బస్తాలు. దేశానికి ఇది పెద్ద అంకె.

ఇప్పుడు అదే లెక్క ఒక ఎకరం రైతు వైపు నుంచి చూడండి. ఎకరానికి రెండున్నర టన్నుల గడ్డి అనుకుంటే నత్రజని 14 కిలోలు. అంటే 30 కిలోల యూరియా. 45 కిలోల బస్తా ప్రభుత్వ ధర పన్నులు కాక 242 రూపాయలు. కాబట్టి ఆ గడ్డిలోని నత్రజని రైతు జేబుకు ఇచ్చేది సుమారు 160 రూపాయలు! అది కూడా వెంటనే కాదు, కుళ్ళాక. 160 రూపాయల కోసం నవంబరులో వారం రోజులు ఎవరు ఆగుతారు? పొటాష్ ఎక్కువే ఉన్నా అందులో చాలా భాగం బూడిదలోనే మిగులుతుంది. నేలకు పోయే కర్బనానికి మార్కెట్లో ధరే లేదు.

నా ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. గడ్డిని చెత్తగా మార్చింది అజ్ఞానం కాదు. రాయితీ యూరియా, ఖాయమైన వరి కొనుగోలు, ఎడ్లు లేని పొలం, ఇరవై రోజుల గడువు. ఇవన్నీ ప్రభుత్వ విధానాలు, వాటి పర్యవసానాలు. అగ్గిపుల్ల మాత్రమే రైతుది.

మండూసి కలుపు, జీరో టిల్ డ్రిల్లు

1990ల మొదట్లో హర్యానా గోధుమ చేలలో ఒక కలుపు రైతులను ఏడిపించింది. అచ్చం గోధుమ మొక్కలాగే కనిపించే ఫలారిస్ మైనర్. అక్కడ మండూసి అంటారు, పంజాబ్‌లో గుల్లీ డండా. ఏళ్ల తరబడి ఒకే కలుపు మందు, ఐసోప్రొట్యూరాన్, కొట్టడంతో కలుపు దానికి అలవాటుపడిపోయింది. కొందరు రైతులు గోధుమను పండకముందే పచ్చిమేతగా కోసేయాల్సి వచ్చింది.

అప్పుడు దున్నకుండా విత్తడం పనికొచ్చింది. దున్నితే లోపలి కలుపు గింజలు పైకి వచ్చి మొలుస్తాయి. దున్నకపోతే చాలావరకు అలాగే పడి ఉంటాయి. పైగా గోధుమను వారం ముందే విత్తొచ్చు కాబట్టి కలుపు కంటే పైరు ముందుంటుంది. పాకిస్తాన్ పంజాబ్‌లో 1980లలోనే ఈ ప్రయత్నాలు జరిగాయి. మన దగ్గర పంత్‌నగర్ విశ్వవిద్యాలయం న్యూజిలాండ్ నుంచి వచ్చిన తిరగేసిన టీ ఆకారపు కర్రు ఆధారంగా చవకైన డ్రిల్లు తయారుచేసింది. 1994లో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్‌ల పరిశోధనా సంస్థలతో రైస్-వీట్ కన్సార్షియం ఏర్పడింది. సరిహద్దు గొడవల మధ్య నాలుగు దేశాలు ఒకే మట్టి గురించి కలిసి పనిచేసిన అరుదైన సందర్భం ఇది, ఇంటర్నేషనల్ రిలేషన్స్ జవాబులో కూడా వాడుకోవచ్చు. 2000ల మధ్యకల్లా గంగా-సింధు మైదానంలో పది లక్షల హెక్టార్లకు పైగా గోధుమ దున్నకుండా విత్తారు. డీజిల్ మిగిలింది, ఒక తడి నీరు తగ్గింది, దిగుబడి తగ్గలేదు, తొందరగా విత్తిన చోట పెరిగింది కూడా.

అయితే ఒక చేదు నిజం. ఆ తొలి డ్రిల్లుల కర్రుల మధ్య వదులు గడ్డి ఇరుక్కుపోయేది. యంత్రం నడవాలంటే చేను శుభ్రంగా ఉండాలి. కాబట్టి చాలామంది రైతులు ముందు గడ్డి తగలబెట్టి, తర్వాత దున్నకుండా విత్తారు! దుక్కి సమస్యకు దొరికిన పరిష్కారం గడ్డి సమస్యను అలాగే వదిలేసింది. పైగా వానాకాలం వచ్చేసరికి అదే చేలో మళ్లీ దమ్ము. ఏడాదికి ఒక పంటకే దుక్కి మానడం వల్ల నేల నిర్మాణం నిలదొక్కుకోలేదు.

హ్యాపీ సీడర్, నీటి చట్టం, పొగ

ఈ లోటు తీర్చడానికే 2001 తర్వాత లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి హ్యాపీ సీడర్ తయారుచేసింది. అది ముందున్న గడ్డిని కోసి పక్కకు నెట్టి, గోధుమ గింజను మట్టిలో వేసి, అదే గడ్డిని నేల మీద పరుపులా వదులుతుంది. దుక్కి, గడ్డి రెండింటికీ కలిపి జవాబు చెప్పిన మొదటి యంత్రం అది. తర్వాత కోత యంత్రం వెనుక గడ్డిని సమానంగా చల్లే సూపర్ ఎస్ఎంఎస్ అనే పరికరం కూడా వచ్చింది.

ఇంతలో మరో సమస్య తీర్చబోయి ఈ సమస్యను పెంచాం. భూగర్భజలాలు అడుగంటుతున్నాయని పంజాబ్ 2009లో చట్టం చేసింది. అప్పట్లో దాని ప్రకారం జూన్ 10కి ముందు వరి నాట్లు వేయకూడదు. మండు వేసవిలో నీరు ఆవిరైపోకుండా ఆపడానికి మంచి చట్టమే. కానీ నాట్లు ఆలస్యమైతే కోత ఆలస్యం. కోత ఆలస్యమైతే గోధుమకు గడువు తగ్గుతుంది, మంటలు అక్టోబరు చివరికి, నవంబరుకు జరుగుతాయి. సరిగ్గా గాలులు నెమ్మదించి, చలి పొగను నేలకు అదిమిపెట్టే రోజులకు. పూసా 44 లాంటి 155 నుంచి 160 రోజుల రకాలు ఈ ఒత్తిడిని ఇంకా పెంచాయి. అందుకే తక్కువ రోజుల పీఆర్ 126 లాంటి రకాలను ముందుకు తెచ్చారు. పూసా 44 సాగును ఆపుతామని పంజాబ్ ప్రభుత్వం 2023లో ప్రకటించింది.

చట్టపరంగా వరుస ఇలా గుర్తుపెట్టుకోండి. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ, పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో పంట దహనాన్ని నిషేధించింది. 2018లో కేంద్రం యంత్రాలకు రాయితీ పథకం తెచ్చింది. వ్యక్తిగత రైతుకు 50 శాతం, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకు 80 శాతం. 2021లో వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ చట్టం వచ్చింది. ఆ చట్టంలోని శిక్షల నుంచి రైతులను మినహాయించినా పర్యావరణ పరిహారం వసూలు చేయొచ్చు. 2024 నవంబరులో దాన్ని రెట్టింపు చేసి, కమతాన్ని బట్టి 5,000 నుంచి 30,000 రూపాయలుగా నిర్ణయించారు.

పంజాబ్‌లో ఉపగ్రహాలు లెక్కించిన మంటలు 2021లో 71,304. 2024లో 10,909. తగ్గుదల నిజమే, కానీ ఈ అంకెను జవాబులో రాసేటప్పుడు జాగ్రత్త. ఆ ఉపగ్రహాలు రోజులో కొన్ని నిర్ణీత వేళల్లోనే వెళతాయి. అవి దాటాక సాయంత్రం పెట్టిన మంట లెక్కలోకి రాకపోవచ్చన్న విమర్శ ఉంది. మంటల సంఖ్యతోపాటు కాలిన విస్తీర్ణం కూడా చూడాలి.

దిగుబడి పెరుగుతుందా, తగ్గుతుందా?

దీనికి ఒక్క మాటలో జవాబు ఇచ్చే పుస్తకాన్ని నమ్మకండి. 2015లో నేచర్ పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 63 దేశాలు, 48 పంటలు, 610 అధ్యయనాల్లోని 5,463 పోలికలు. మొత్తంగా చూస్తే దుక్కి మానడం ఒక్కటే చేస్తే దిగుబడి తగ్గింది. దుక్కి మానడంతోపాటు గడ్డి నేలపై ఉంచి, పంట మార్పిడి కూడా చేస్తే ఆ నష్టం చాలావరకు పోయింది. పొడి ప్రాంతాల్లో వానాధార పంటలకు మూడూ కలిపి చేస్తే దిగుబడి పెరిగింది.

గడ్డి ఉంచకుండా దుక్కి మానడం సగం వైద్యం. ఇది మన తెలంగాణ, రాయలసీమ ఎర్ర నేలలకు మరీ వర్తిస్తుంది. ఈ నేలలు వాన పడి ఆరగానే పైన బిళ్ల కడతాయి. వాటిని దున్నకుండా, పైన ఏ కప్పూ లేకుండా వదిలితే వాన నీరు ఇంకదు, పారిపోతుంది. మన పెద్దలు గుంటక, గొర్రు తోలింది ఊరికే కాదు, ఆ బిళ్లను పగలగొట్టడానికి. అక్కడికి వెళ్లి "దుక్కి మానండి" అని చెప్పేముందు, కప్పడానికి గడ్డి ఉందా అని అడగాలి. జొన్న చొప్ప ఎడ్లకే చాలని చోట నేలకు ఏం మిగులుతుంది? బిహార్‌లో, బంగ్లాదేశ్‌లో కూడా ఇదే ఇబ్బంది. అక్కడ గడ్డి పశువుకు మేత, పేదింటి పొయ్యికి వంటచెరకు. పంజాబ్‌లో గడ్డి ఎక్కువై సమస్య, మిగతా చాలాచోట్ల తక్కువై సమస్య. ఒకే పథకం రెండింటికీ సరిపోదు.

కర్బనం విషయంలోనూ అతిశయోక్తి వద్దు. దుక్కి మానితే పైపొరలో కర్బనం పెరుగుతుంది, కానీ లోతు పొరలు కూడా కలిపి చూస్తే మొత్తం పెరుగుదల అనుకున్నంత ఉండకపోవచ్చని శాస్త్రవేత్తలే హెచ్చరించారు. వాతావరణ మార్పుకు ఇది ఒక్కటే మందు కాదు. నేల తేమ, ఖర్చు, సమయం విషయాల్లో మాత్రం లాభం స్పష్టం. 2022 మార్చి వేడిగాలులకు గోధుమ దెబ్బతిని, ఆ మే 13న ఎగుమతులు నిషేధించాల్సి వచ్చిన సంగతి గుర్తుందిగా? ముందుగా విత్తడం, నేలలో తేమ నిలపడం ఇకపై ఆహార భద్రత విషయాలు.

హ్యాపీ సీడర్ వాడిన రైతుల ఇబ్బందులూ వినాలి. పెద్ద ట్రాక్టర్ కావాలి, ఏడాదిలో ఇరవై రోజులే పని, అందరికీ ఒకేసారి కావాలి. గడ్డి కింద ఎలుకలు, కొన్నిచోట్ల కాండం తొలిచే పురుగు. వీటికి "అవగాహన" జవాబు కాదు. సమయానికి అద్దె యంత్రం దొరకాలి, సలహా ఇచ్చేవాడు చేలోకి రావాలి.

మన డెల్టాలో దున్నని చేలు

ఇదంతా చదివాక తాతయ్య మళ్లీ గుర్తొచ్చాడు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే, పదును చూసి మినుములు చల్లేవాడు. కోసేసరికి మొలక వచ్చేది. దుక్కి లేదు, తడి లేదు, మంచు, నేల పదునుతోనే పంట. చిన్నప్పుడు అడిగాను, "దున్నవా తాతయ్యా?" అని. "దున్నితే పదును పోతుంది రా నాన్నా" అన్నాడు. నో-టిల్ మీద నేను చదివిన వ్యాసాల సారం అందులో సగం ఉంది. బిహార్, బెంగాల్, ఛత్తీస్‌గఢ్‌లలో కూడా ఉతేరా, పైరా అన్న పేర్లతో ఇదే పద్ధతి ఉంది.

తర్వాత డెల్టా మినుముకు పల్లాకు తెగులు, బంగారు తీగ పట్టాయి. చాలామంది వరి తర్వాత జీరో టిల్లేజ్ మొక్కజొన్నకు మారారు. దున్నకుండా కన్నాలు పెట్టి గింజ వేయడం, కలుపు మందు కొట్టడం. హర్యానాను మండూసి నడిపించినట్టు, మనల్ని బంగారు తీగ నడిపించింది. కోత యంత్రం మా ఊరికీ వచ్చింది. పోయిన సంక్రాంతికి నాన్నను గడ్డి గురించి అడిగితే, "గేదెల్ని అమ్మేశాక ఇంకెవరికి రా గడ్డి?" అన్నాడు. తెలంగాణలో వరి విస్తీర్ణం ఎంత వేగంగా పెరిగిందో, యాసంగి ముందు కొయ్యకాళ్ళ పొగ ఎక్కడెక్కడ కనిపిస్తోందో చూస్తే, పంజాబ్ నడిచిన దారిలో మనం ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. మనకు ఇంకా సమయం ఉంది. పంజాబ్‌కు ఆ సమయం దొరకలేదు.

చివరిగా

ఈసారి ఈ ప్రశ్న వస్తే నా జవాబు ఇలా మొదలవుతుంది: పంట దహనం రైతు అలవాటు కాదు, అరవై ఏళ్ల విధానాల ఫలితం. ధర గింజకే ఇచ్చాం, నీళ్లు, కరెంటు ఉచితంగా ఇచ్చాం, యూరియా చవకగా ఇచ్చాం. గడ్డికి, నేలకు మాత్రం ధర పెట్టలేదు. కాబట్టి పరిష్కారం కూడా అక్కడే మొదలవ్వాలి. వరి నుంచి మళ్లే రైతుకు పప్పులు, మొక్కజొన్నలకు నిజమైన కొనుగోలు హామీ, తక్కువ రోజుల వరి రకాలు, సమయానికి అద్దె యంత్రాలు, గడ్డిని నేలపై ఉంచిన రైతుకు నేరుగా ప్రోత్సాహకం. జరిమానా చివరి మెట్టు కావాలి, మొదటి మెట్టు కాదు.

అవగాహన లేదు అని రాయడం చాలా తేలిక. 1889లో ఓడ దిగిన రసాయన శాస్త్రవేత్త ఆ మాట రాయడానికి ముందు చేలోకి వెళ్లి చూశాడు. రేపు జిల్లాలో పని చేయాలనుకుంటున్న మనం కనీసం అంతైనా చేయాలి.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "దుక్కి తగ్గించడం, పంట అవశేషాలను నేలపై ఉంచడం వేర్వేరు విధానాలు కావు." వరి-గోధుమ సాగు చరిత్ర ఆధారంగా ఈ వ్యాఖ్యను పరిశీలించండి. మీ జవాబులు రాసి పంపండి, మొదటి పాయింటులో "అవగాహన" ఉంటే మాత్రం ఎర్ర గీత ఖాయం.